దగ్గులో రక్తం పడితే బీజాలు కూడా చూడాలి: గాజువాకలో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా? ఆ ఫ్యాన్ ఒక్కటి కాస్త తగ్గించండి బాబూ, దాని మోతే మైకులోకి వస్తోంది. సరే.

యూత్ అసోసియేషన్ పిల్లలు నన్ను పిలిచి క్యాన్సర్ గురించి మాట్లాడండి సార్ అన్నారు, గుట్కా, సిగరెట్, ఖైనీ, వీటి గురించి చెప్తాననుకుని ఉంటారు, బయట బ్యానర్ మీద కూడా సిగరెట్ బొమ్మే వేశారు, చూశాను. ఆ విషయం మీద మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, సినిమాకి వెళ్తే టికెట్ డబ్బుల్లోనే చెప్పేస్తారు. నేను ఇవాళ ఎవరూ చెప్పనిది చెప్తాను, మగపిల్లల బీజాలకి, అంటే వృషణాలకి, వచ్చే క్యాన్సర్, అందులోనూ చాలా అరుదుగా వచ్చే ఒక రకం, పేరు కోరియోకార్సినోమా. ముందు వరసలో అమ్మలు లేచి వెళ్ళిపోకండి, మీరే ముఖ్యంగా వినాలి, ఎందుకంటే పాతికేళ్ళ కుర్రాడు తనంతట తాను హాస్పిటల్‌కి రాడు, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది మీరే, నా ఓపీలో రోజూ చూస్తున్నదే.

ముందు కాస్త భయం తీసేస్తాను. బీజాల క్యాన్సర్ మన దేశంలో తక్కువ. నార్వే, డెన్మార్క్ లాంటి చోట్ల లక్ష మంది మగాళ్ళలో ఏడాదికి పదిమందికి అటూ ఇటూగా వస్తుంది, మన దగ్గర లక్షకి ఒకరు కూడా ఉండరు. మగాళ్ళకి వచ్చే క్యాన్సర్లన్నీ కలిపితే ఇది 1 శాతం దాకా. మరి ఇంత తక్కువ వచ్చేదాని గురించి ఆదివారం సాయంత్రం మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పడం దేనికి అంటే, ఇది ముసలివాళ్ళ జబ్బు కాదు, పడమటి దేశాల్లో అయితే 15 నుంచి 35 ఏళ్ళ మధ్య కుర్రాళ్ళకి వచ్చే గడ్డ క్యాన్సర్లలో ముందుండేది ఇదే, ఇంకోటేమిటంటే టైముకి వస్తే క్యాన్సర్లన్నిటిలోకీ ఎక్కువగా నయమయ్యే వాటిలో ఇదొకటి. నయమయ్యేదానికి కూడా పిల్లలు చనిపోతుంటే కడుపు మండుతుంది కదా.

బీజాల క్యాన్సర్లలో 95 శాతం దాకా వీర్యకణాలు పుట్టే మూలకణం నుంచే వస్తాయి, జెర్మ్ సెల్ ట్యూమర్లు అంటాం. దాంట్లో సగం సెమినోమా, అది నెమ్మదస్తురాలు. మిగతా సగం నాన్ సెమినోమా, దాంట్లో మళ్ళీ ఎంబ్రియోనల్ కార్సినోమా, యోక్ శాక్ ట్యూమర్, టెరటోమా, కోరియోకార్సినోమా అని రకాలు, చాలాసార్లు ఇవన్నీ ఒకే గడ్డలో కలగాపులగంగా ఉంటాయి. మిగతా రకాలతో కలిసి కోరియోకార్సినోమా కొంత కనబడటం అంత విడ్డూరం కాదు, కానీ గడ్డ మొత్తం అదొక్కటే ఉండటం మాత్రం బీజాల జెర్మ్ సెల్ ట్యూమర్లలో 1 శాతం కూడా ఉండదు. పెద్ద పెద్ద క్యాన్సర్ హాస్పిటల్స్‌లో పనిచేసే డాక్టర్లు కూడా జీవితం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందినే చూస్తారు.

ఇది ఏ కణాలతో తయారవుతుందో తెలుసా? మాయ కణాలు. కడుపులో బిడ్డకి తల్లి రక్తం అందించే మాయ ఉంటుంది చూశారూ, అదే మాయ, ఆ మాయలో ఉండే కణాల్లాంటివే ఈ గడ్డలో పెరుగుతాయి. మగాడికి మాయేంటి సార్ అని నవ్వుతున్నారు, నవ్వండి, నేనూ మెడికల్ కాలేజీలో మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. కానీ బీజంలో ఉండే ఆ మూలకణం ఉందే, అది మామూలు కణం కాదు, బిడ్డలో ఏ భాగంగానైనా తయారయ్యే శక్తి దాని వంశంలోనే ఉంది. అది దారి తప్పితే కొన్నిసార్లు జుట్టు, పళ్ళు, ఎముకగా కూడా తయారవుతుంది, అది టెరటోమా. కొన్నిసార్లు మాయగా తయారవుతుంది, అది ఇదన్నమాట.

ఇప్పుడు అసలు ఇబ్బంది ఎక్కడంటే, మాయ చేసే పనేమిటి? తల్లి గర్భసంచిలోకి చొచ్చుకుపోయి అక్కడి రక్తనాళాలు తెరిచి రక్తం తెచ్చుకోవడం. మంచి మాయ ఒక హద్దు దాకా వెళ్ళి ఆగుతుంది. ఈ క్యాన్సర్ కణాలకి ఆగడం తెలీదు, రక్తనాళం కనబడితే దాంట్లోకి దూరిపోవడమే. మిగతా బీజాల క్యాన్సర్లు సాధారణంగా ఒక వరస ప్రకారం వెళ్తాయి, ముందు లింఫ్ గ్రంథుల్లోకి, అదీ గజ్జల్లో గ్రంథులు కాదు, పొట్టలో వెన్నెముక పక్కన కిడ్నీల దగ్గరుండే గ్రంథుల్లోకి, ఎందుకంటే బీజాలు తల్లి కడుపులో ఉన్నప్పుడు అక్కడే తయారై కిందకి దిగుతాయి, వాటి రక్తనాళాలూ లింఫ్ దారులూ అన్నీ పైనుంచే ఉంటాయి. అందుకే కొందరు కుర్రాళ్ళకి నడుంనొప్పి మొదటి లక్షణం అవుతుంది. ఈ కోరియోకార్సినోమా మాత్రం అంత ఓపిక పట్టదు, తిన్నగా రక్తంలో పడి ఊపిరితిత్తులకి, లివర్‌కి, మెదడుకి వెళ్ళిపోతుంది, వెళ్ళిన చోటల్లా రక్తనాళాలు కొరికేసి రక్తం కారేలా చేస్తుంది.

ఇక కింద బీజంలో చూస్తే ఏముంటుంది? చాలాసార్లు ఏమీ ఉండదు! పట్టుకుంటే తెలిసీ తెలియని చిన్న గట్టి చోటు, లేదా అది కూడా లేదు. కొందరిలో అసలు గడ్డ తన రక్తం తనకే చాలక అక్కడే మాడిపోయి మచ్చగా మిగులుతుంది, కానీ అప్పటికే దాని పిల్ల గడ్డలు పైకి చేరిపోయి ఉంటాయి. కాబట్టి ఇవాళ నేను చెప్పే మాట ఒక్కటే, వయసులో ఉన్న కుర్రాడికి దగ్గులో రక్తం పడినా, కారణం దొరకని నడుంనొప్పి వచ్చినా, రొమ్ములు పెరిగినా, బీజాలు చూడకుండా వదలకూడదు. అక్కడ నొప్పి లేదు కదా, వాపు లేదు కదా అని వదలకూడదు.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను, అతన్ని అడిగి, ఒప్పుకున్నాకే చెప్తున్నాను, ఊరూ పనీ కొంచెం మార్చాను. ఇరవై నాలుగేళ్ళు, కాంట్రాక్టర్ దగ్గర వెల్డర్. దగ్గు మొదలైంది, వెల్డింగ్ పొగ అనుకున్నాడు. తర్వాత రక్తం జీరలు పడ్డాయి. ఒకచోట చూపించుకుంటే ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు, కఫం పరీక్షలో టీబీ రాలేదు, అయినా మందులు మొదలుపెట్టారు. వాళ్ళని తప్పుపట్టడానికి కాదు నేను చెప్పేది, మన దేశంలో దగ్గులో రక్తం అంటే మొదట టీబీయే గుర్తుకు రావాలి, నూటికి ఎక్కువమంది విషయంలో అది రైటే అవుతుంది. కానీ కఫంలో టీబీ లేదు, మందు వేస్తున్నా తగ్గట్లేదు, ఎక్స్‌రేలో చూస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రంగా, అంచులు గీసినట్టుగా, చిన్నా పెద్దా తెల్లటి ఉండలు. టీబీ అలా ఉండటం అరుదు. అక్కడ ఆగి ఇంకోలా ఆలోచించాలి.

నా దగ్గరకి వాళ్ళమ్మతో వచ్చాడు. ఫైలు ఆవిడ చంకలో, మాట్లాడేదీ ఆవిడే. వాడు ఆయాసపడుతూ కుర్చీ అంచున కూర్చున్నాడు, చేతులు సన్నగా వణుకుతున్నాయి, నాడి చూస్తే 120 పైన. చొక్కా విప్పమంటే సిగ్గుపడ్డాడు, విప్పాక తెలిసింది, రెండు రొమ్ములూ ఉబ్బి ఉన్నాయి, ముట్టుకుంటే నొప్పి. నేను కర్టెన్ వేసి పడుకోబెట్టి కింద కూడా చూడాలి తమ్ముడూ అన్నాను. బయటినుంచి వాళ్ళమ్మ, ‘ఊపిరితిత్తుల జబ్బుకి కిందేటి సూత్తారు డాక్టర్ బాబూ’ అంది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు, అదే ప్రశ్న చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. కుడి బీజం చూడ్డానికి మామూలుగానే ఉంది, సైజులో తేడా లేదు. వేళ్ళ మధ్య నెమ్మదిగా దొర్లిస్తే పై భాగంలో ఒకచోట గట్టిగా తగిలింది, నొప్పేమీ లేదు. ‘ఇది ఎప్పట్నించి ఉంది’ అంటే ‘నాకు తెలీదు సార్, ఎప్పుడూ చూసుకోలేదు’ అన్నాడు. స్కానింగ్‌లో 9 మిల్లీమీటర్లు. అంతే! ఆ 9 మిల్లీమీటర్ల దాంట్లోంచి ఊపిరితిత్తుల నిండా.

రక్తంలో హెచ్‌సీజీ అని ఒక హార్మోన్ చూశాం. గర్భం వచ్చిందో లేదో తెలుసుకునే కిట్టు ఉంటుంది కదా మెడికల్ షాపులో, అది పట్టుకునేది ఈ హార్మోన్‌నే, మాయ కణాలు తయారుచేస్తాయి దాన్ని. మగాళ్ళలో మామూలుగా 5 లోపు ఉండాలి. ఇతనికి 2 లక్షలు దాటింది.

ఆ దడ, ఆ వణుకు కూడా దీనివల్లే. హెచ్‌సీజీ ఆకారంలో సగభాగం, థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌లో సగభాగం, రెండూ ఒకటే. కాబట్టి హెచ్‌సీజీ లక్షల్లోకి వెళ్తే థైరాయిడ్ గ్రంథి మోసపోయి అతిగా పనిచేసేస్తుంది, గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం. రొమ్ములు పెరగడం కూడా ఈ హార్మోన్ పనే, అది బీజాల్లో ఈస్ట్రోజన్ తయారీని పెంచుతుంది. ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క డాక్టర్ దగ్గరకి వెళ్ళాడనుకోండి, దగ్గుకి ఒకరు, థైరాయిడ్‌కి ఒకరు, రొమ్ములకి ఒక కాస్మెటిక్ సర్జన్, ముగ్గురూ ముగ్గురి మందులు రాస్తారు, కలిపి చూసేవాళ్ళు ఉండరు. అందుకే ఎక్కడికెళ్ళినా ఫైలు మొత్తం చూపించండి, అన్ని బాధలూ చెప్పండి, ఇది ఈయన సబ్జెక్టు కాదు కదా అని దాచకండి.

ఇతనికి ముందు ఆపరేషన్ చెయ్యలేదు. మామూలుగా అయితే మొదట బీజం తీసేస్తాం, అది పరీక్షకి పంపి, తర్వాత కీమో. కానీ ఊపిరితిత్తులు అలా ఉన్నవాడికి, మార్కర్, అంటే ఆ హెచ్‌సీజీ, అంత ఉన్నవాడికి ఒక్కో రోజూ ముఖ్యమే, ముక్క తీసి పరీక్ష చేసే బయాప్సీ కోసం కూడా ఆగనక్కర్లేదు, వయసూ, స్కానూ, హెచ్‌సీజీ చాలు. ఇంకో చిక్కు ఏంటంటే కీమో ఒకేసారి ఫుల్లుగా మొదలుపెడితే ఆ ఉండలన్నీ ఒక్కసారి చితికి ఊపిరితిత్తుల్లో రక్తం నిండిపోయే ప్రమాదం ఉంది, అందుకని మొదటి రెండు మూడు రోజులు తక్కువ మందుతో మొదలుపెట్టి తర్వాత పూర్తి డోసుకి వెళ్తాం. అలా చేసినా ఇతనికి రెండో రాత్రి ఆక్సిజన్ పడిపోయింది, ఐసీయూలో పెట్టాం, వాళ్ళమ్మ ఐసీయూ తలుపు దగ్గర నేల మీదే కూర్చుండిపోయింది. మెదడుకి ఎంఆర్ఐ కూడా తీశాం, హెచ్‌సీజీ అంత ఉన్నప్పుడు తలనొప్పి లేకపోయినా తియ్యాలి, అదృష్టం బాగుండి అక్కడేం లేదు. నాలుగు సైకిళ్ళు, అంటే నాలుగు విడతల కీమో, అయ్యాయి, మార్కర్ నార్మల్‌కి వచ్చింది, తర్వాత ఆ బీజం తీసి చూస్తే మచ్చ తప్ప ఏమీ లేదు. ఇప్పుడు పనిలోకి వెళ్తున్నాడు. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను, ఇలాంటి జబ్బుతోనే లివర్‌కి, మెదడుకి పాకాక వచ్చిన కుర్రాళ్ళని పోగొట్టుకున్నాం కూడా.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రకి ప్రత్యేకంగా ఒక సమస్య ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, ఇవన్నీ ఎప్పట్నించో బోదకాలు ఉన్న జిల్లాలు, ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించేవాళ్ళు, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ ఫైలేరియా వల్ల వరిబీజం కూడా ఎక్కువ, బుడ్డ అంటారు. ఎంత మామూలైపోయిందంటే బీజం దగ్గర వాపు కనబడితే ఆ, బుడ్డే, మా నాన్నకీ ఉండేది, పెళ్ళయ్యాక ఆపరేషన్ చేయించుకుందాంలే అని వదిలేస్తారు. వరిబీజం అంటే నీరు, చీకట్లో టార్చి వేస్తే వెలుగు అవతలికి కనబడుతుంది. గడ్డ అయితే వెలుగు దాటదు. కానీ గడ్డ చుట్టూ నీరు చేరే కేసులూ ఉన్నాయి, టార్చి పరీక్షని నమ్ముకుని ఊరుకోకండి, స్కానింగ్ చేయించండి. స్కానింగ్ పెద్ద ఖర్చు కాదు, సూది లేదు, నొప్పి లేదు, జెల్ చల్లగా ఉంటుంది అంతే.

ఇంకో ముఖ్యమైనది, గట్టిగా చెప్తున్నాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. బీజంలో గడ్డ అనుమానం ఉంటే బీజాల సంచి మీదనుంచి సూది పెట్టనివ్వకండి, సంచి కోసి బయాప్సీ తియ్యనివ్వకండి. ఆపరేషన్ గజ్జ దగ్గర కోసి పైనుంచి రక్తనాళాల తాడు ముందు బిగించి బీజం మొత్తం బయటికి తియ్యాలి. సంచి చర్మానికి లింఫ్ దారి వేరు, బీజానికి వేరు, సంచి కోస్తే క్యాన్సర్‌కి కొత్త దారి తెరిచినట్టవుతుంది. నీరు అనుకుని సూదితో లాగించుకుని వచ్చినవాళ్ళని చూశాను, ఎక్కడ లాగించుకున్నారో అడగను, అడిగి ప్రయోజనం లేదు.

మందు సంగతి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ, కొంచెం పొడుగైతే క్షమించండి. ఆడవాళ్ళకి కూడా కోరియోకార్సినోమా వస్తుంది, ముత్యాల గర్భం అంటాం చూడండి, బిడ్డ లేకుండా మాయ ఒక్కటే బుడగలు బుడగలుగా పెరిగేది, అలాంటి దాని తర్వాత ఎక్కువగా వస్తుంది. 1956లో అమెరికాలో మిన్ చ్యూ లీ అని ఒక చైనా డాక్టరు, రాయ్ హెర్ట్జ్ అని ఇంకొకాయన, మెథోట్రెక్సేట్ మందు ఇచ్చి దాన్ని నయం చేశారు. కీమోతో గడ్డ క్యాన్సర్ నయమవడం అదే మొదలు. లీ ఏంచేశాడంటే, ఎక్స్‌రేలో ఉండలు పోయినా ఆపలేదు, హెచ్‌సీజీ ఇంకా కొంచెం ఉంది కదా, అంటే జబ్బు ఇంకా ఉన్నట్టే అని అది పూర్తిగా పోయేదాకా మందు ఇచ్చాడు. కనబడే జబ్బు లేకుండా విషం లాంటి మందు ఇస్తావా అని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన చెప్పిందే రైటని తేలింది, 1972లో వైద్య పరిశోధనకి ఇచ్చే పెద్ద బహుమతి, లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఇవాళ్టికీ మేం చేసేది అదే, స్కాన్ ఎంత బాగున్నా హెచ్‌సీజీ నార్మల్‌కి రాకపోతే మాకు నిద్రపట్టదు. గడ్డ మొత్తం పోతే ఆ అంకె ఒకటి, ఒకటిన్నర రోజుకోసారి సగానికి సగం పడిపోవాలి, పడటం నెమ్మదించిందంటే ఎక్కడో మిగిలి ఉందనే.

కానీ ఆడవాళ్ళకి పనిచేసిన మెథోట్రెక్సేట్ మగాళ్ళ దాంట్లో అంతగా పనిచెయ్యలేదు. పేరు ఒకటే, కణాలు చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు. ఆడవాళ్ళలో వచ్చేది గర్భం నుంచి వచ్చింది కాబట్టి దాంట్లో భర్త జన్యువులు ఉంటాయి, ఆవిడ ఒంటికి అది పరాయిది. మగాడికి వచ్చేది వాడి సొంతం. మగాళ్ళకి దారి దొరికింది ప్లాటినం వల్ల. అవును, నగల షాపులో ఉండే ప్లాటినమే. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే ఆయన బాక్టీరియాకి కరెంటు పెడితే ఏమవుతుందో చూద్దామని ప్లాటినం కడ్డీలు పెట్టాడు. బాక్టీరియా విడిపోవడం మానేసి పొడుగ్గా సాగిపోయాయి. కరెంటు వల్ల అనుకున్నారు, కాదు, కడ్డీల్లోంచి కరిగిన ప్లాటినం వల్ల. కణాలు విడిపోకుండా ఆపుతుందంటే క్యాన్సర్‌కి పనికొస్తుంది కదా అని వెతికితే సిస్‌ప్లాటిన్ దొరికింది. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ దాన్ని ఇంకో రెండు మందులతో కలిపి ఒళ్ళంతా పాకిన బీజాల క్యాన్సర్ కుర్రాడికి ఇచ్చాడు, అతను బతికాడు. దానికి ముందు అలా పాకినవాళ్ళలో పదిమందికి ఒకరు బతికితే గొప్ప.

ఆ ఐన్‌హార్న్ పేరు మీకు ఇంకో రకంగా తెలియాలి. యువరాజ్ సింగ్ 2011 వరల్డ్ కప్ ఆడాక క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్నాడు కదా, అది బీజంలో కాదు, ఛాతీ మధ్యలో వచ్చిన సెమినోమా, ఇదే కుటుంబం. ఇండియానాపోలిస్ వెళ్ళి చూపించుకున్నది ఈయనకే. సైకిల్ రేసుల ఆయన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి 1996లో, పాతికేళ్ళకి, బీజం వాచి, దగ్గులో రక్తం పడి, చూస్తే ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకేసింది, ఆయన గడ్డలో కోరియోకార్సినోమా కూడా ఉంది. ఆయనా అక్కడికే వెళ్ళాడు. తర్వాత డోపింగ్‌లో దొరికి టూర్ డి ఫ్రాన్స్ టైటిల్స్ ఏడూ 2012లో పోగొట్టుకున్నాడు, అది వేరే గొడవ, మనిషి మాత్రం బతికాడు.

ఈ మందులు ఇప్పుడు కొత్తవీ కాదు, విదేశాలకి వెళ్ళాల్సినవీ కాదు. బీఈపీ అంటాం, బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్. మన కేజీహెచ్, కింగ్ జార్జ్ హాస్పిటల్, ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, మీకు ఇక్కడ్నించి ఆటోలో వెళ్ళేంత దూరం. ఎన్టీఆర్ వైద్యసేవ, మనం ఇన్నాళ్ళూ ఆరోగ్యశ్రీ అన్నాం కదా, దాంట్లో క్యాన్సర్ కీమో ఉంది, కార్డు తెచ్చుకుని హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్రని అడగండి, వాళ్ళ కుర్చీ గేటు దగ్గరే ఉంటుంది. డబ్బుల్లేవని ఇంట్లో కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది, అప్పులు చేసి నాటు వైద్యానికి పోసి వచ్చినవాళ్ళని చూస్తే ఇంకా ఎక్కువ.

మందు 21 రోజుల సైకిల్, మొదటి ఐదు రోజులు వరసగా సెలైన్‌తో, బ్లియోమైసిన్ మాత్రం వారానికొకటి. వాంతులకి ఇప్పుడు మంచి మందులొచ్చాయి, పాతకాలంలా ఉండదు. జుట్టు పోతుంది, వస్తుంది. సిస్‌ప్లాటిన్‌కి కిడ్నీలు జాగ్రత్త, చెవుల్లో గుయ్‌మనే మోత, వేళ్ళ చివర తిమ్మిరి రావచ్చు, చెప్పకుండా ఓర్చుకోకండి. బ్లియోమైసిన్ వేసిన సాయంత్రం చలిజ్వరం వస్తుంది, ఒంటి మీద గీరుకున్న చోటల్లా నల్లటి చారలు పడతాయి, ఎవరో కొట్టారా అని అడుగుతారు. అసలు భయం ఊపిరితిత్తులకి, పొడిదగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. ఆ వెల్డర్‌కి ఊపిరితిత్తులు ముందే పాడై ఉన్నాయి కాబట్టి బ్లియోమైసిన్ బదులు ఐఫాస్ఫామైడ్ వాడాం. మన వైజాగ్ కాబట్టి ఇంకో మాట, ఇక్కడ నేవీలో డైవర్లున్నారు, రుషికొండలో స్కూబా చేసే కుర్రాళ్ళున్నారు. బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మళ్ళీ ట్యాంక్ కట్టుకుని నీళ్ళలోకి దిగకూడదు. ఎప్పుడైనా ఇంకో ఆపరేషన్ జరిగితే మత్తు డాక్టర్‌కి ఈ మందు పడిందని ముందే చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ ఆ ఊపిరితిత్తులకి పడకపోవచ్చు.

బతుకుతారా అంటే, అంకెలు చెప్తాను. పాకిన నాన్ సెమినోమాని మేం మూడు తరగతులు చేస్తాం, హెచ్‌సీజీ 50,000 దాటినా, లివర్‌కో మెదడుకో పాకినా అది చివరి తరగతి, కష్టమైనది. 1997లో ఆ తరగతి వాళ్ళలో ఐదేళ్ళకి 48 శాతం బతికి ఉన్నారని లెక్క. 2021లో మళ్ళీ లెక్క చూస్తే 67 శాతం. మంచి తరగతిలో అయితే 96. కోరియోకార్సినోమా ఒక్కటే ఉన్నవాళ్ళు ఎక్కువగా ఆ చివరి తరగతిలోనే పడతారు, దాంట్లోనూ కాస్త కింద ఉంటారు, అబద్ధం చెప్పను. అయినా ఒళ్ళంతా పాకాక కూడా నయం చేద్దామని మేం కూర్చునే క్యాన్సర్లు ఎన్నుంటాయి చెప్పండి, చాలా తక్కువ.

ఇక ప్రశ్నలు. చీటీల మీద రాసిచ్చారు, పేర్లు రాయలేదు, మంచిపని చేశారు.

‘ఒక బీజం తీసేస్తే పెళ్ళికి పనికొస్తామా?’ పనికొస్తారు. రెండోది బాగుంటే మగతనానికీ, పిల్లలకీ అది చాలు. కీమో వల్ల కొన్నాళ్ళు, కొందరికి ఎప్పటికీ, వీర్యకణాలు తగ్గొచ్చు, అందుకని మొదలుపెట్టే ముందే వీర్యం దాచిపెట్టుకోవాలి, మన ఊళ్ళో ఫెర్టిలిటీ సెంటర్లకి కొదవలేదు. డాక్టర్ మర్చిపోతే మీరు అడగండి. ఖాళీగా ఉందని బాధైతే సిలికాన్‌ది పెడతారు, బయటికి తేడా తెలీదు.

‘టైట్ జీన్స్, బైకు, ల్యాప్‌టాప్ వేడి వల్ల వస్తుందా?’ వాటివల్ల వస్తుందని రుజువు లేదు. రుజువున్నది ఒకటుంది, చిన్నప్పుడు బీజం కిందకి దిగకపోవడం. అలాంటివాళ్ళకి ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ. అమ్మలూ, ఇది మీకు, బాబుకి ఆరు నెలలైనా సంచిలో ఒక్క బీజం తక్కువున్నా పెద్దయ్యాక దిగుతుందిలే అని ఎవరు చెప్పినా వినకండి, పిల్లల సర్జన్‌కి చూపించండి, ఏడాదీ ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోవాలి.

‘ప్రెగ్నెన్సీ కిట్‌తో ఇంట్లో చూసుకోవచ్చని వాట్సాప్‌లో వచ్చింది, నిజమా?’ ఇది ఎవరో అడుగుతారని నాకు తెలుసు. (నవ్వులు) 2012లో అమెరికాలో ఒకతను సరదాకి అలా చేస్తే రెండు గీతలు వచ్చాయి, ఇంటర్నెట్‌లో ఎవరో చూసి పరీక్ష చేయించుకోమన్నారు, నిజంగానే చిన్న గడ్డ దొరికింది. అంతవరకు నిజం. కానీ బీజాల క్యాన్సర్లలో చాలావాటికి హెచ్‌సీజీ పెరగదు, పెరిగినా 25 లోపుంటే ఆ కిట్టు పట్టుకోదు, ఇంకో తమాషా, మరీ లక్షల్లో ఉంటే కూడా కిట్టు గజిబిజి అయి గీత సరిగ్గా రాకపోవచ్చు. కాబట్టి ఒకటే గీత వచ్చిందని ధైర్యం తెచ్చుకుంటే మోసపోతారు. యాభై రూపాయలు అక్కడ పెట్టే బదులు చేత్తో చూసుకోండి.

‘చేత్తో ఎలా చూసుకోవాలి?’ వేడినీళ్ళ స్నానం చేశాక, సంచి వదులుగా ఉన్నప్పుడు. ఒక్కోదాన్నీ బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య నెమ్మదిగా దొర్లించాలి. ఉడకబెట్టి పెంకు తీసిన కోడిగుడ్డులా నున్నగా, కాస్త మెత్తగా ఉండాలి. వెనకాల పైన ఒక మెత్తటి చుట్ట తగులుతుంది, అది నాళం, కంగారుపడకండి. ఒకటి కొంచెం పెద్దది, ఒకటి కొంచెం కిందకి, ఇది అందరికీ ఉండేదే. గట్టిగా ఎక్కడైనా తగిలితే, బరువుగా అనిపిస్తే, పోయిన నెల లేనిది ఇప్పుడుంటే, అప్పుడు రండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, ఈ గడ్డలకి నొప్పి చాలావరకు ఉండదు.

చివరి చీటీ, ‘నాకు రెండు నెలలుగా అలా ఉంది సార్, ఎవరికి చెప్పాలో తెలీట్లేదు.’ ఎవరివో నేను అడగను. హాల్లో ఉన్నావు కాబట్టి వింటావు. తమ్ముడూ, ఎక్కువసార్లు అది ఇన్‌ఫెక్షనో నీరో అవుతుంది, అయినా రేపే తేల్చేసుకుందాం. రేపు పొద్దున్న తొమ్మిదికి నా ఓపీకి వచ్చెయ్, కౌంటర్లో జబ్బు పేరేం చెప్పక్కర్లేదు, గాజువాక మీటింగ్ అని చెప్పు చాలు, స్కానింగ్ పక్క గదిలోనే, రక్తం అప్పుడే తీస్తాం. ఖాళీ కడుపుతో రానక్కర్లేదు, టిఫిన్ తినే రా.